ఊపిరి లెక్కతో పసిపిల్లల నిమ్ము ఎంతవరకు తెలుస్తుంది?

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి కాబట్టి ముందుగా దాన్ని నా మాటల్లో ఒకసారి చెబుతాను. ఏటూరునాగారం వైపు ఒక ఉపకేంద్రంలో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్న మీరు, దగ్గు, సర్దితో వచ్చిన పిల్లలకు నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టి, లెక్క ఎక్కువగా ఉన్నవాళ్లను పెద్ద దవాఖానకు పంపుతున్నారు. అలా వెళ్లినవాళ్లలో ఎక్కువ మందిని అక్కడ ఎక్స్‌రే తీసి, నిమ్ము, అంటే న్యుమోనియా, లేదని చెప్పి తిప్పి పంపడంతో, కూలి పోగొట్టుకొని దాదాపు 100 కిలోమీటర్లు పోయి వచ్చిన తల్లిదండ్రులు మీ మీద కోపం చేస్తున్నారు. మరోవైపు, మీరు లెక్కపెట్టినప్పుడు నిమిషానికి 38 మాత్రమే ఉన్న 16 నెలల బాబు రెండు రోజులకే ఆక్సిజన్ పెట్టవలసిన స్థితికి వచ్చాడు. లెక్క ఎక్కువ ఉన్నవాళ్లకు నిమ్ము లేదు, లెక్క తక్కువ ఉన్న బిడ్డకు ఉంది. మరి ఈ లెక్కను నమ్మాలా, వదిలేయాలా అన్నది మీ ప్రశ్న.

వదిలేయవద్దు. అయితే ఆ లెక్క ఏ పని చేయగలదో, ఏది చేయలేదో తెలుసుకొని వాడండి. వరంగల్ చుట్టుపక్కల పిల్లల వైద్యుడిగా 20 ఏళ్లకు పైగా పనిచేసిన నాకు కూడా ఈ సంగతి మొదట్లో సరిగ్గా తెలియదు.

ఈ లెక్క 1980ల్లో పుట్టింది. పాపువా న్యూగినీలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ అనే పిల్లల వైద్యుడు, ఎక్స్‌రే యంత్రం అందుబాటులో లేని చోట ఒక ఆరోగ్య కార్యకర్త కేవలం కంటితో చూసి, ఏ బిడ్డకు యాంటీబయాటిక్ ఇవ్వాలో, ఏ బిడ్డను దవాఖానలో చేర్చాలో తేల్చుకోగలిగే గుర్తుల కోసం వెతికారు. 1984లో ఆయన, ఆయన సహచరులు ప్రచురించిన పరిశీలనలో నిమిషానికి 50 దాటిన ఊపిరి మందు మొదలుపెట్టడానికీ, ఛాతీ లోపలికి గుంజుకుపోవడం దవాఖానలో చేర్చడానికీ గుర్తులుగా నిలిచాయి. 1988లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు మన దేశపు పిల్లల మీద చేసిన అధ్యయనం ఆ గీతను సవరించింది: ఏడాది లోపు పిల్లలకు 50 సరిపోతుంది గానీ, ఏడాది దాటినవాళ్లకు కూడా అదే పెట్టుకుంటే నిజంగా నిమ్ము ఉన్నవాళ్లు జారిపోతారు, వాళ్లకు 40 తగినది అని. ఇప్పుడు మీ చార్టులో ఉన్న అంకెలు ఆ దారిలో వచ్చినవే. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు బిడ్డకు 40. అంతకు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు.

ఈ గుర్తుల సత్తా ఏమిటో మన గోదావరికి అవతలి ఒడ్డునే రుజువైంది. కాళేశ్వరం దగ్గర వంతెన దాటితే వచ్చే గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ఊరి ఆరోగ్య కార్యకర్తలకూ మంత్రసానులకూ ఊపిరి లెక్కపెట్టడం, యాంటీబయాటిక్ ఇవ్వడం నేర్పారు. ఆ పల్లెల్లో నిమ్ముతో చనిపోయే పిల్లల సంఖ్య, ఈ పద్ధతి లేని పక్క పల్లెలతో పోలిస్తే బాగా తగ్గిందని 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అంకెలు చదవడం రాని మంత్రసానుల కోసం పూసలతో, ఇసుక గడియారంతో ఒక లెక్క పరికరం కూడా వాళ్లు తయారుచేశారు. ఎక్స్‌రేలో ఎంతమందికి నిమ్ము కనిపిస్తుందని కాదు, ఎంతమంది బతుకుతారని అక్కడ చూశారు. మీరు పంపిన పిల్లలను మాత్రం అవతల ఎక్స్‌రేతో కొలుస్తున్నారు. రెండు కొలతలూ ఒకే జవాబు ఇవ్వవు.

ఇక ఎక్స్‌రేతో పోల్చి చూస్తే ఈ గుర్తులు ఎంత నమ్మదగినవో చెబుతాను. వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన రెండు పెద్ద సమీక్షలు ఉన్నాయి. 2015లో వచ్చిన ఒకదానిలో అయిదేళ్ల లోపు పిల్లల మీద చేసిన 18 అధ్యయనాలు, 2017లో వచ్చిన రెండోదానిలో 23 అధ్యయనాలు, సుమారు 13,800 మంది పిల్లలు ఉన్నారు. వాటిలోని గణాంకాలను మీ పనికి పనికొచ్చే లెక్కలోకి మారుస్తాను. దగ్గు, ఆయాసంతో వచ్చిన 100 మంది పిల్లల్లో ఎక్స్‌రే తీస్తే 20 మందికి నిమ్ము కనిపిస్తుందని అనుకుందాం. ఇప్పుడు అలాంటి పిల్లల్లోంచి ఊపిరి 50 దాటినవాళ్లను మాత్రమే ఏరి 100 మందిని పక్కన నిలబెడితే, వాళ్లలో నిమ్ము ఉన్నవాళ్లు 20 నుంచి 32కి పెరుగుతారు, అంతే. మిగతా 68 మంది ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. మూలుగుతూ ఊపిరి తీయడం, ముక్కుపుటాలు ఎగరడం, ఛాతీ లోపలికి పోవడం అనే గుర్తులు కూడా విడివిడిగా చూస్తే దాదాపు ఇంతే బలం కలవి. కాబట్టి మీరు ఊపిరి లెక్క ఒక్కటే చూసి పంపిన పదిమందిలో ఆరేడుగురు నిమ్ము లేదనిపించుకొని తిరిగి వస్తే అది మీ లెక్కలో తప్పు కాదు. ఆ గుర్తు స్వభావమే అంత. ఈ మాట ఆ తల్లిదండ్రులకు ముందే చెప్పి పంపితే కోపం కొంత తగ్గుతుందని నా అనుభవం.

రెండో వైపు చూడండి. ఊపిరి 40కి లోపే ఉన్న పిల్లలను 100 మందిని తీసుకుంటే, పై లెక్క ప్రకారమే వాళ్లలో సుమారు 10 మందికి ఎక్స్‌రేలో నిమ్ము ఉంటుంది. 38 ఉన్న మీ 16 నెలల బాబు ఆ పదిమందిలో ఒకడు. పైగా 38కీ 40కీ మధ్య ఉన్న తేడా, అదే బిడ్డకు పది నిమిషాల తర్వాత మళ్లీ లెక్కపెడితే వచ్చే తేడా కంటే పెద్దది కాదు. గీత కాగితం మీద ఉంటుంది గానీ బిడ్డ ఒంట్లో ఉండదు.

వీటన్నిటికంటే కొంచెం ఎక్కువ పనికొచ్చేది రక్తంలో ఆక్సిజన్ శాతం. 2017 సమీక్షలో అది 96 లేదా అంతకంటే తక్కువ ఉన్న పిల్లల్లో, మన లెక్క ప్రకారం, నిమ్ము ఉన్నవాళ్లు 20 నుంచి 41కి పెరిగారు. 96 కంటే ఎక్కువ ఉన్నవాళ్లలో 10 లేదా 11కి పడిపోయారు. స్టెతస్కోప్‌తో విన్న శబ్దాలు మాత్రం, చాలామంది ఊహించేదానికి భిన్నంగా, ఎక్స్‌రేలోని నిమ్ముతో చెప్పుకోదగినంతగా కలవలేదు. ఏడుస్తూ, ముక్కు బిగిసిన పసిబిడ్డ ఛాతీలో ముక్కు శబ్దమే వినిపిస్తుంది. ఒకే బిడ్డను ఇద్దరు వైద్యులు విని వేర్వేరుగా రాయడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒక పక్క గాలి శబ్దమే వినిపించకపోవడం లాంటి స్పష్టమైన తేడా ఉంటే, నీరు గానీ చీము గానీ చేరి ఉండవచ్చు కాబట్టి దాన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి. అది తప్ప, ఛాతీ శుభ్రంగా ఉందని వైద్యుడు అన్నంత మాత్రాన మీ లెక్క అబద్ధమైపోదు.

ఎక్స్‌రే కూడా ఆఖరి మాట కాదు. నిమ్ము మొదలైన తొలి గంటల్లో ఫిల్మ్ మామూలుగా కనిపించవచ్చు. కదిలిన బిడ్డ ఫిల్మ్‌లో లేని మచ్చ కనిపించవచ్చు. ఒకే ఫిల్మ్‌ను ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చదవడం మామూలే కాబట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనల కోసం ప్రత్యేకంగా ఒక చదివే పద్ధతిని రూపొందించవలసి వచ్చింది. పై అంకెలన్నీ ఇలాంటి వంకర కొలబద్దతో కొలిచినవని గుర్తుంచుకోండి.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఈ గీతలు గీసిన నాటి పిల్లలకూ ఇప్పటి పిల్లలకూ తేడా వచ్చింది. పెంటావాలెంట్ టీకాలో హిబ్ అనే బ్యాక్టీరియాకు రక్షణ ఉంది. నిమ్ము తెచ్చే మరో బ్యాక్టీరియాకు వేసే న్యుమోకాకల్ టీకా మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటా వచ్చింది. తీవ్రమైన నిమ్ముతో చేరిన పిల్లల్లో కారణాలను వెతికిన ఏడు దేశాల అధ్యయనం 2019లో వెలువడింది. అందులో 61 శాతం వైరస్‌ల వల్ల, వాటిలో ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ ఒక్కటే 31 శాతానికి కారణమని తేలింది. అంటే మీ చేతుల మీదుగా ఆరు, పద్నాలుగు వారాలకూ తొమ్మిది నెలలకూ టీకా పడే కొద్దీ, వేగంగా ఊపిరి తీసే పిల్లల్లో బ్యాక్టీరియా నిమ్ము వాటా తగ్గి, వైరస్‌తో వచ్చే ఆయాసం వాటా పెరుగుతుంది. లెక్క అదే, కానీ అది చెప్పే సంగతి మెల్లగా మారుతోంది.

ఇప్పుడు ఛాతీ గుంజుకుపోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు జనం మాటలో ఒక చిక్కు ఉంది. తల్లులు ‘డొక్కలు ఎగరేస్తుండు’ అంటారు. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు ఇమిడి ఉన్నాయి. పసిబిడ్డ మామూలుగానే కడుపుతో ఊపిరి తీస్తాడు. జ్వరం వస్తే ఆ కడుపు వేగంగా లేచి పడుతుంది, చూసేవాళ్లకు డొక్కలు ఎగరేసినట్టే ఉంటుంది. అది వేగం మాత్రమే. ప్రమాదాన్ని చెప్పే గుర్తు వేరే: బిడ్డ ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు కడుపు పైకి లేస్తుండగా, ఛాతీ కింది భాగం, పక్కటెముకలు అంతమయ్యే చోటు, బయటికి రావలసింది పోయి లోపలికి పోతుంది. ఎముకల సందుల్లో చర్మం కొద్దిగా గుంటపడటం దీని కిందికి రాదు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు, ప్రతి ఊపిరికీ కనిపించాలి. ముక్కు బిగిసి ఉంటే శుభ్రం చేశాక మళ్లీ చూడాలి. అందుకే ‘డొక్కలు ఎగరేస్తున్నాడా’ అని నేను అడగను. ‘ఊపిరి పీల్చినప్పుడు ఇక్కడ లోపలికి గుంజుకపోతుందా’ అని వేలితో చూపించి అడుగుతాను, చొక్కా పైకెత్తి తల్లీ నేనూ కలిసి చూస్తాం.

చొక్కా ఎత్తడం నాకు ఒక బిడ్డ నేర్పాడు. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, ములుగు అడవి ప్రాంతంలో ఒక పీహెచ్‌సీలో ఉన్నప్పుడు, చలికాలం పొద్దున పది నెలల బాబును స్వెటరు, టోపీ, శాలువాతో చుట్టి నాయనమ్మ తెచ్చింది. స్వెటరు కిందికి స్టెతస్కోప్ జారవిడిచి విన్నాను, శుభ్రంగా ఉంది. సర్ది అని సిరప్ రాసిచ్చాను. ‘పీల్సినప్పుడు గుంతలు పడుతున్నయి సారూ’ అని ఆమె రెండుసార్లు చెప్పింది. చలికి బట్టలు విప్పడం ఎందుకని నేను చూడలేదు. ఆ రాత్రి పెదవులు నీలంగా మారి తిరిగి తెచ్చారు. అంబులెన్స్ దొరికి వరంగల్ చేరేసరికి తెల్లవారింది. బాబు బతికాడు. పొరపాటు పూర్తిగా నాది. ఆ ముసలమ్మ చూసిన గుర్తు, నా చెవి విన్నదానికంటే ఎన్నో రెట్లు విలువైనది, దాన్ని చూడటానికి నాకు అర నిమిషం కూడా పట్టేది కాదు.

లెక్క విషయానికి వస్తే, నిండుగా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఒక్క ఊపిరి తప్పినా నాలుగు తేడా వస్తుంది, పసిపిల్లల ఊపిరి ఒకే తాళంలో ఉండదు కూడా. తల్లి ఒళ్లో నిమ్మళంగా ఉన్నప్పుడు, కడుపును గానీ ఛాతీని గానీ చూస్తూ, ముట్టుకోకుండా లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 వస్తే మళ్లీ ఒకసారి లెక్కపెట్టాలి. రెండోసారీ అలాగే ఉంటే ఆ వయసులో ఆలోచించకుండా పంపవలసిందే. జ్వరం ఒక్కో డిగ్రీ సెల్సియస్ పెరిగే కొద్దీ ఊపిరి నిమిషానికి సుమారు రెండు నుంచి నాలుగు వరకు పెరుగుతుంది. గీతకు దగ్గరగా ఉన్న బిడ్డకు పారాసిటమాల్ ఇచ్చి, జ్వరం దిగాక మళ్లీ లెక్కపెడితే అనవసరపు ప్రయాణాలు కొన్ని తప్పుతాయి. జ్వరం దిగినా వేగం దిగని బిడ్డ విషయంలో మీ అనుమానం గట్టిపడాలి.

మీ ప్రాంతంలో వేగపు ఊపిరికి నిమ్ము కాకుండా వేరే కారణాలు కూడా బాగానే ఉంటాయి. పిల్లికూతలు వినిపిస్తే అది ఉబ్బసమో, వైరస్ వల్ల సన్నని గాలిగొట్టాలు వాయడమో కావచ్చు. పీహెచ్‌సీలో గాలిగొట్టాలను వదులుచేసే సాల్బుటమాల్ మందు ఇచ్చి, పావుగంటకో ఇరవై నిమిషాలకో మళ్లీ ఇచ్చి, మూడు విడతల్లోపు చూస్తే కొందరిలో లెక్కా తగ్గుతుంది, గుంజుకుపోవడమూ ఆగుతుంది. ఏజెన్సీ పల్లెల్లో మలేరియా జ్వరానికి ఊపిరి వేగం పెరుగుతుంది, దగ్గు కూడా ఉండవచ్చు. కాబట్టి జ్వరం ఉన్న ప్రతి బిడ్డకు రక్తపరీక్ష కార్డు వాడండి. అయితే మలేరియా తేలింది కదా అని నిమ్మును మరచిపోవద్దు, రెండూ కలిసి రావచ్చు. అరచేతులు తెల్లగా పాలిపోయిన బిడ్డ రక్తహీనతతో, విరేచనాలతో నీరు ఇంకిపోయిన బిడ్డ రక్తంలో ఆమ్లం పెరగడంతో వేగంగా పీల్చవచ్చు. దీనికి పూర్తిగా ఎదురైన సంగతి బాగా చిక్కిపోయిన పిల్లల్లో కనిపిస్తుంది: కండరాలకు శక్తి లేక, ఊపిరితిత్తుల్లో నిమ్ము నిండుగా ఉన్నా వాళ్ల ఊపిరి వేగం పెరగకపోవచ్చు, ఛాతీ గుంజుకుపోకపోవచ్చు. అలిసిపోయిన బిడ్డ ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. నిన్న 64, ఈరోజు 42 అంటే తగ్గిందని సంతోషించే ముందు బిడ్డ ముఖం చూడండి, పాలు తాగుతున్నాడేమో చూడండి. మీ 16 నెలల బాబు అలా చిక్కిపోయాడేమో తెలిపే చేతి చుట్టుకొలత ఆ రోజు కొలిచారో లేదో మీరు రాయలేదు. అంగన్‌వాడీ రికార్డులో బరువు ఉంటుంది కాబట్టి ఇప్పుడైనా చూడండి.

ఎవరిని పంపాలి, ఎవరిని అక్కడే చూసుకోవచ్చు అన్నది మీకు అసలు కావలసినది. పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా లేవని మగత, నిమ్మళంగా ఉన్నప్పుడు కూడా గొంతులో గర్‌మనే శబ్దం, ఊపిరికి తల ఊగడం, నీలపు పెదవులు, ఆక్సిజన్ 90 శాతం కంటే తక్కువ. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, ఊపిరి లెక్క ఎంతైనా సరే, వెంటనే 108కు ఫోన్ చేయాలి, మీకు అనుమతి ఉన్న తొలి మోతాదు మందు ఇచ్చి పంపాలి. బాగా చిక్కిపోయిన బిడ్డనూ, రెండు నెలల లోపు బిడ్డనూ ఇందులోనే చేర్చండి. ఇవేవీ లేకుండా ఊపిరి వేగం మాత్రమే ఉండి, ఆక్సిజన్ బాగుండి, బిడ్డ ఆడుతూ తాగుతూ ఉంటే, అంత దూరం పంపవలసిన పని లేదు. పీహెచ్‌సీ వైద్యుడికి చూపించి, అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌తో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. ఛాతీ గుంజుకుపోతున్నా ప్రమాద గుర్తులు లేని పిల్లలకు సైతం నోటి మందు సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే మార్గదర్శకాలను మార్చింది. కానీ రాత్రి బండి దొరకని గూడెంలో, వాగు పొంగే రోజుల్లో, గుంజుకుపోతున్న బిడ్డను నేనైతే ఇంట్లో ఉంచను.

వేగపు ఊపిరి ఉన్నవాళ్లందరికీ మందు అవసరమా అని కూడా మీకు సందేహం రావచ్చు. కరాచీ పేద బస్తీల్లో సుమారు 4,000 మంది పిల్లల మీద చేసిన పరీక్ష 2020లో వెలువడింది. ప్రమాద గుర్తులు లేని, వేగపు ఊపిరి మాత్రమే ఉన్న పిల్లల్లో అమాక్సిసిలిన్ తీసుకున్నవాళ్లలో 2.6 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 4.9 శాతం మందికి చికిత్స విఫలమైంది. అంటే ఎక్కువ మంది పిల్లలు మందు లేకుండానే కోలుకున్నారు, అయినా సుమారు 44 మందికి మందు ఇస్తే ఒకరికి తేడా పడింది. ఆ ఒక్కరు ఎవరో ముందుగా చెప్పగల గుర్తు మన చేతిలో లేదు కాబట్టి, మళ్లీ చూసే అవకాశం తక్కువగా ఉన్న మీ పల్లెల్లో మందు ఇవ్వడం వైపే నేను మొగ్గుతాను.

రక్తంలో ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సీమీటర్ ఇప్పుడు చాలా ఉపకేంద్రాల్లో ఉంది; 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సాన్స్ కార్యక్రమం దాన్ని పిల్లల నిమ్ముకు వాడమని ప్రత్యేకంగా చెప్పింది. పెద్దవాళ్ల క్లిప్పు పసిబిడ్డ వేలికి సరిగ్గా కూర్చోదు. పిల్లల ప్రోబ్ లేకపోతే కాలి బొటనవేలికి పెట్టి చూడండి, చలికి పాదం చల్లగా ఉంటే అరచేతులతో వెచ్చబరచి, నాడి గీత స్థిరంగా నిలిచాకే అంకె రాసుకోండి.

38 వచ్చిన బాబు విషయంలో మీరు తప్పు చేశారని నేను అనుకోవడం లేదు. ఆ రోజుకు ఆ లెక్క నిజం. జారిపోయింది రెండో చూపు. ఇంటికి పంపిన ప్రతి బిడ్డను, లెక్క మామూలుగా ఉన్నవాళ్లతో సహా, రెండో రోజు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి మళ్లీ లెక్కపెట్టాలి. పత్తి ఏరే రోజుల్లో తల్లి పొద్దున్నే చేనుకు పోతుంది కాబట్టి సాయంత్రం వెళ్లమనండి. ఈలోగా ఏం కనిపిస్తే పరుగెత్తుకు రావాలో తల్లికే కాదు, ఇంట్లో బిడ్డను ఎత్తుకునే నాయనమ్మకు కూడా చూపించి పంపండి.

పైకి పంపే చీటీలో ‘నిమ్ము’ అని రాయకండి. పొద్దున 7 గంటలకు, జ్వరం 101 ఉన్నప్పుడు, ఊపిరి 58, ఛాతీ గుంజుకుపోవడం ఉంది, ఆక్సిజన్ 93, పారాసిటమాల్ 7.10కి ఇచ్చాను అని రాయండి. మధ్యాహ్నం అక్కడికి చేరేసరికి జ్వరం దిగి, ఊపిరి 44కి వచ్చి, బిడ్డ నవ్వుతూ ఉండవచ్చు. చీటీలో ఆ అంకెలు ఉంటే, అక్కడ చూసే వైద్యుడు ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా ఆ బిడ్డను ఒక రాత్రి ఉంచుకొని చూస్తాడు.